మునుం విడిచిన తొమ్మిదో నంబరు

వర్ధన్నపేట హైస్కూల్లో ఆటలు నేర్పే టీచరమ్మకు మతి తప్పిందని మొగిలమ్మ అన్నదట. అన్నది పత్తి చేనులో, కలుపు తీస్తున్న పన్నెండు మంది ఆడవాళ్ల నడుమ. ఆ పన్నెండు మందిలో సోమక్క ఒకతి. సోమక్క కూతురు కావ్య పదో తరగతి చదువుతూ ఆ టీచరమ్మ దగ్గరే ఫుట్‌బాల్ ఆడుతుంది. అందుకని సోమక్క ఆ మాటను పొద్దుగూకేదాకా కొంగున కట్టుకొని ఇంటికి మోసుకొచ్చింది.

“బంతి లేకుండనే బంతాట ఆడిపిస్తాందటగదనే మీ వినోద మేడం! మొగిలమ్మ ఇంటి గోడ మీదికెల్లి చూసిందట. పదకొండు మంది పోరిలు, ఒక్క బంతి లేదట. గా దిక్కు ఉరుకుతాండ్లట, గీ దిక్కు ఉరుకుతాండ్లట. నడిమిట్ల ఆమె నిలవడి ‘జాగ, జాగ’ అని ఒర్రుతాందట. ఎవలి జాగనే? పట్టా ఉన్నదా?”

కావ్యకు అన్నం ముద్ద గొంతులోనే ఆగి పొలమారింది. నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగింది.

“గా మొగిలమ్మ పేరు మేం దేనికి పెట్టుకున్నమో తెలిస్తే, గోడ దూకి వస్తదే అవ్వా.”

ఆ పేరు పెట్టింది కావ్యే. నెల రోజుల కింద, బడి మైదానంలో.

అప్పటిదాకా ఆ పిల్లల ఆట ఎట్లుండేదంటే, నల్లా నీళ్లు వచ్చినప్పుడు బిందెలన్నీ ఒక్కచోట చేరినట్టు బంతి ఎక్కడుంటే పదకొండు మందీ అక్కడే. వినోద మైదానం పక్కన పెట్టిన బోర్డు మీద గీతలు గీసింది, బాణాలు వేసింది. ఖాళీ జాగ దానంతటది దొరకదనీ, దాన్ని చేసుకోవాలనీ, ఒకరు బంతి లేకుండా పరుగెత్తితే వాళ్లను కాచే అవతలి జట్టు పిల్ల వెంట పోతుందనీ, ఆ పిల్ల వదిలిన చోటే మనకు దారి అనీ గొంతు పోయేలా చెప్పింది. పిల్లలు తలలూపారు. మైదానంలోకి దిగగానే మళ్లీ బిందెలన్నీ నల్లా దగ్గరికే.

అప్పుడు కావ్య చెయ్యెత్తింది. ఆ పిల్ల ఆదివారాలు తల్లి వెంట కలుపుకు పోతుంది. కలుపు తీసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క సాలు పట్టుకొని వరుసగా ముందుకు సాగుతారు. ఎవరికి దక్కిన పని వరుస వారి మునుం. మునుం విడిచి పోకూడదు.

“మేడం, మొగిలమ్మ పెద్దమ్మ ఉన్నది గదా. ఆమె తన మునుం ఇడిచిపెట్టి పక్కకు పోయి ముచ్చట వెడ్తది. ఇద్దరు ముగ్గురు చేతులాపి ఆమె దిక్కు జరుగుతరు. మేస్త్రీ గూడ గాడికే వచ్చి తిడ్తాంటడు. చేనంత ఆమె దిక్కే ఒంగుతది. గీ నడిమిట్ల సాలు ఖాళీ. గప్పుడు గీడికెల్లి ఎవ్వలు పోయినా అడిగేటోడు లేడు. గట్లనే గదా?”

వినోద చేతిలోని చాక్‌పీస్ కింద పారేసింది.

“గట్లనే బిడ్డా. గదే.”

ఆ రోజు నుంచి ఆ ఎత్తు పేరు మొగిలమ్మ. జట్టులో బంతి అందించే సరస్వతి ‘మొగిలమ్మా’ అని కేక వేస్తే, తొమ్మిదో నంబరు కావ్య మైదానం నడుమ నుంచి పక్క గీత దాకా పరుగెత్తాలి, తనను కాచే పిల్లను వెంట తోలుకొని. అట్లా ఖాళీ అయిన నడుమకు ఎడమ దిక్కు నుంచి నిఖత్ దూరాలి. సరస్వతి బంతిని నిఖత్ కాళ్లకు కాకుండా, నిఖత్ నాలుగు అడుగుల తర్వాత ఉండబోయే చోటికి వేయాలి.

“మనిషికి ఇయ్యకు, జాగకు ఇయ్యి. మనిషే వచ్చి తీసుకుంటది,” అనేది వినోద. “ఇచ్చినంక నిలవడకు. నిలవడితే చేన్ల బొమ్మకు నీకు ఫరకేంది?” అని కూడా అనేది. పరుగులు ఒంటికి పట్టేదాకా బంతిని స్టాఫ్ రూంలో పెట్టి తాళం వేసింది. మొగిలమ్మ గోడ మీది నుంచి చూసింది ఆ పదిహేను రోజుల ముచ్చటే.

ఊరి బడి పిల్లలకు ఇంత లోతు ఆట ఎందుకని హెడ్మాస్టర్ అడిగితే, జిల్లా పోటీల కోసం సార్ అని చెప్పింది. అది సగం నిజం. మిగతా సగం పేరు రమాకాంత్.

పద్దెనిమిదేళ్ల కింద వినోదకు పదహారేళ్లు. వరంగల్‌లో రమాకాంత్ సారు పెట్టిన క్యాంపులో ఆడేది. ఖాళీ జాగ ముచ్చట ఆమెకు మొదట చెప్పింది ఆయనే. “నువ్వు బంతి జోలికి రాకు బిడ్డా. గా మూలకు ఉరుకు. నీ వెంట ఇద్దరొస్తరు. మావోళ్లకు జాగ అయితది.” ఆమె ఉరికింది. మావోళ్లు అంటే ఆయన అన్న కూతురు. ఎంపిక ఆటలో ఆ పిల్ల నాలుగు గోల్స్ కొట్టింది, నాలుగూ వినోద ఖాళీ చేసిన జాగలోనే. రాష్ట్ర జట్టు జాబితాలో ఆ పిల్ల పేరు వచ్చింది. వినోద పేరు రాలేదు. ఎందుకు రాలేదు సార్ అని అడిగింది. ముప్పై మంది చూస్తుండగా ఆయన నవ్వాడు.

“నువ్వు బంతి ముట్టిందేందమ్మా? కోడిని తరిమే కుక్క లెక్క ఉత్తగ ఉరికినవ్.”

వెనక నుంచి ఎవరో ‘భౌ’ అన్నారు. ముప్పై మందీ నవ్వారు. క్యాంపు ముగిసేదాకా, ఆ తర్వాత కాలేజీలో, ఒకసారి బస్టాండులో కూడా ఎవరో ఒకరు వెనక నుంచి ‘భౌ’ అనేవారు. ఇప్పటికీ కుక్క మొరిగితే ఆమె ముందు వెనక్కి తిరిగి మనుషుల ముఖాలు చూస్తుంది.

రమాకాంత్ ఇప్పుడు కాజీపేటలో సొంత అకాడమీ నడుపుతున్నాడు. ఆరేళ్లుగా జిల్లా కప్పు ఆయనదే. మూడు ఆదివారాలు వినోద స్కూటీ మీద ముఖానికి స్కార్ఫ్ కట్టుకొని పోయి, నీళ్ల ట్యాంకు వెనక కూర్చొని ఆయన పిల్లల ఆట చూసింది. ఆయన నేర్పేది ఒక్కటే. ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి, ఆ మనిషిని వదలొద్దు. “నీ మనిషి నీళ్లు తాగితే నువ్వు గిలాస పట్టుకొని పక్కకే నిలవడు,” అని మైదానం పక్క కుర్చీలో కూర్చొని అరుస్తుండేవాడు. ఆ కుర్చీ నుంచి ఎప్పుడూ లేవడు. లేవాల్సిన అవసరం రాలేదు.

మూడో ఆదివారం ఇంటికి వస్తూ వినోదకు మొదటిసారి ఆకలి వేసినట్టు అనిపించింది. ఆయన నేర్పిన దాంతోనే ఆయన్ని కొట్టాలి. ఆయన మైదానంలో, ఆయన మనుషుల ముందు. ఆ కుర్చీ నుంచి లేపాలి.

అక్టోబరు చివరి ఆదివారం జిల్లా పోటీల ఫైనల్ కాజీపేటలో పడింది. వర్ధన్నపేట బడి పిల్లలకూ అకాడమీ పిల్లలకూ నడుమ ఆట. పిల్లలందరూ నిఖత్ నాయన ఇమాం పాషా ట్రాలీ ఆటోలో వచ్చారు. సోమక్క పత్తి ఏరుడు మానుకొని బిడ్డ ఆట చూడ్డానికి వచ్చింది. రైల్వే క్వార్టర్ల వాళ్లు, అకాడమీ పిల్లల తల్లిదండ్రులు గీతల చుట్టూ నిండారు.

ఆట మొదలయ్యే ముందు మైకులో చెప్పారు. రాష్ట్ర జట్టు ఎంపిక కోసం హైదరాబాద్ నుంచి మేడం గారు వచ్చారు, ఈ ఒక్క ఆట చూసి ముగ్గురి పేర్లు తీసుకుపోతారు. నల్ల కళ్లద్దాల ఆమె ఒకతి ఒడిలో అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకొని కూర్చొని ఉంది.

కావ్య బూటు దారం విప్పి మళ్లీ కట్టుకుంది. పదో తరగతి అయితే బడి అయిపోతుంది, బడితో పాటు ఆట కూడా. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, టీచరమ్మకూ తెలుసు.

“మేడం, ఇయ్యాల నేను జర బంతి తీస్కొని పోవాల్నా?”

వినోద కళ్లు అవతలి గీత దగ్గరి కుర్చీ మీద ఉన్నాయి. రమాకాంత్ కాలు మీద కాలు వేసుకొని చాయ్ తాగుతున్నాడు. జుట్టు తెల్లబడింది. నవ్వు అదే.

“మొదలు మొగిలమ్మ. తర్వాత సూద్దాం.”

ఆట మొదలైంది. కావ్యను కాచేది అకాడమీలో నాలుగో నంబరు పిల్ల, అందరికంటే పొడుగు, అందరికంటే గట్టిది. కావ్య ఎటు పోతే అటే వచ్చింది. కావ్య నిలబడితే నిలబడింది. కావ్య వంగి మోకాలు గీరుకుంటే చూస్తూ నిలబడింది.

ఇరవయ్యో నిమిషంలో సరస్వతి కుడి దిక్కుకు చిన్న పాస్ ఇచ్చింది, తిరిగి తీసుకుంది, మళ్లీ అటే ఇచ్చింది. గొర్రెలను మెల్లగా ఒక మూలకు తోలినట్టు అకాడమీ పిల్లలు నలుగురు కుడికి జరిగారు. అప్పుడు కేక పడింది.

“మొగిలమ్మా!”

కావ్య కుడి గీతకు ఉరికింది. నాలుగో నంబరు వెంట ఉరికింది. మైదానం నడుమ తలుపు తెరిచినట్టు ఖాళీ అయింది. సరస్వతి బంతిని ఎవరూ లేని చోటికి వేసింది. చూసేవాళ్లు అయ్యో అన్నారు. ఆ అయ్యో పూర్తికాకముందే నిఖత్ అక్కడుంది. గోల్‌కీపర్ ఒక్కతే మిగిలింది.

గోల్ పడింది. సోమక్క ఎగిరి చప్పట్లు కొట్టి, పక్కనున్న రైల్వే ఆయన్ని అడిగింది: “మా పిల్ల కొట్టిందా అన్నా?”

“మీ పిల్ల ఎన్నో నంబరమ్మా?”

“తొమ్మిది.”

“తొమ్మిదో నంబరు గా పక్కకు ఉరికింది. బంతి దాని దిక్కే పోలే.”

“మరి బంతి ఇటుంటే అదెందుకు అటు ఉరికింది?” అని సోమక్క కొంగుతో మూతి తుడుచుకొని కూర్చుంది.

అవతల రమాకాంత్ కాలు మీది కాలు దించాడు. “ఎవలే మొగిలమ్మ? ఎన్నో నంబరు?” అని అరిచాడు. ఆయన పక్కనున్నవాడు జట్టు పేర్ల కాగితం తిప్పితిప్పి చూశాడు. “సార్, మొగిలమ్మ అనే పేరే లేదు సార్.” “లేకుంటే ఎవలను పిలుస్తాండ్లురా? మైసమ్మనా?” చుట్టూ నలుగురు నవ్వారు.

సగం ఆట అయ్యేసరికి ఒకటి సున్న. పిల్లలు నీళ్లు తాగుతుంటే సరస్వతి టీచరమ్మ పక్కకు వచ్చి నెమ్మదిగా చెప్పింది.

“మేడం, ఆ సెలెక్టర్ మేడం గోల్ పడ్డప్పుడు రాస్కుంటాంది. నేను పాస్ ఇచ్చినప్పుడు రాసింది. కావ్య దిక్కు చూస్తనే లేదు. రెండో సగంల దాన్ని ఇడువుండ్రి మేడం. బంతి దొరికితే నలుగుర్ని దాటుతది, మీకు ఎర్కనే గదా.”

ఎరుకే. ఈ జిల్లాలో ఆ వయసు పిల్లల్లో బంతి కాళ్లకు అంటుకొని పోయేది ఒక్క కావ్యకే. వినోద కావ్య వైపు చూసింది. ఆ పిల్ల బూటు కొనతో గడ్డి తవ్వుతోంది. అవతల రమాకాంత్ మెడ తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటున్నాడే కాని, ఇంకా కూర్చునే ఉన్నాడు.

“ఇంకొక్క గోల్ బిడ్డా. అది పడంగనే నిన్ను ఇడుస్త. నీ ఆట నువ్వు ఆడుకో,” అన్నది కావ్యతో.

“సరే మేడం.”

రెండో గోల్‌కు పావుగంట పట్టింది. ఈసారి కావ్య ముందుకు కాకుండా వెనక్కి, తన జట్టు వైపే నడిచింది. నాలుగో నంబరు వెంట వచ్చింది. నాలుగో నంబరు ఒక్కతే పోయిందని అయిదో నంబరు కూడా రెండడుగులు జరిగింది. సరస్వతి ఇచ్చి ఉరికింది, తిరిగి తీసుకుంది, మళ్లీ జాగకు వేసింది. నిఖత్ కాలితో ఊరికే తోసింది. రెండు సున్న.

పిల్లలు నిఖత్ మీద పడి ఎగురుతున్నారు. కావ్య ఎగరలేదు. మైదానం నడుమ నిలబడి టీచరమ్మ వైపు చూసింది. ఇక నా ఆట కదా అన్న చూపు. ఆ చూపు వినోదకు అందింది. అదే సమయంలో రమాకాంత్ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

వినోద చెయ్యెత్తి అవతలి గీతను చూపింది. కుర్చీ ముందరి గీతను.

కావ్య ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఉరికింది.

అది మొగిలమ్మ ఎత్తే, కాని కొసదాకా. కావ్య పోయిపోయి రమాకాంత్ కుర్చీకి మూడు గజాల దూరంలో గీత మీద నిలబడింది. నాలుగో నంబరు వచ్చి పక్కనే నిలబడింది. బంతి మైదానం ఆ చివర ఉంది. ఆయన ఆరేళ్లు నేర్పిన పాఠం ఆయన కళ్ల ముందే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, చేతులు కట్టుకొని నిలబడ్డట్టు ఉంది. నడుమంతా ఖాళీ. సరస్వతి, నిఖత్ ఆ ఖాళీలోకి ఇద్దరే పోతున్నారు.

రమాకాంత్ కుర్చీ నుంచి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

“పోవే! నడిమిట్లకు పో! గీడేం జేస్తానవ్?”

“నా మనిషి గిదే గద సార్!”

“ఇడిచిపెట్టు దాన్ని! పో!”

ఆ పిల్ల నాలుగడుగులు ఉరికింది. వెనకనుంచి కావ్య కదిలింది. “ఏయ్, మనిషిని ఇడుస్తవేందే!” అని రమాకాంత్ నోట్లోంచి అలవాటు కొద్దీ వచ్చింది. పిల్ల ఆగిపోయింది. “పోవాల్నా, నిలవడాల్నా సార్?” అని ఏడుపు గొంతుతో అడిగింది. ఆ మాట అందరికీ వినబడింది. మూడో గోల్ పడ్డది కూడా చాలామంది చూడలేదు, రమాకాంత్‌ను చూస్తూ ఉండిపోయారు. ముందు రైల్వే పిల్లగాళ్లు నవ్వారు. తర్వాత అకాడమీ పిల్లల తల్లిదండ్రులే నవ్వారు.

వినోద నవ్వలేదు. ఆ నవ్వును గుక్కగుక్కగా తాగింది. ఇంకా పది నిమిషాల ఆట ఉంది. ఆ పది నిమిషాలూ ఆమె మైదానం చూడలేదు. కావ్యకు ఆ పది నిమిషాల్లో బంతి ఒక్కసారి కాలికి తగిలింది. తగిలీ తగలకముందే ముగ్గురు అడ్డం పడి బయటికి తన్నారు.

ఈల పడింది. వినోద తిన్నగా రమాకాంత్ దగ్గరికి నడిచింది. మనసులో పద్దెనిమిదేళ్లుగా ఎన్నో మాటలు రాసుకుంది. దగ్గరికి పోయేసరికి ఒక్కటే మిగిలింది. మెల్లగా, ఆయనకు మాత్రమే వినబడేలా అన్నది.

“భౌ.”

రమాకాంత్ వెనక్కి తిరిగి కింద చూశాడు, ఎక్కడి కుక్క అన్నట్టు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

“నా దగ్గర ఆడిన పిల్లవు గదమ్మా నువ్వు? మొఖం యాదికున్నది. పేరే యాదికొస్తలేదు.”



మైకులో పేర్లు చదివారు. నిఖత్. సరస్వతి. అకాడమీ గోల్‌కీపర్. అంతే. కావ్య మేజోళ్లు విప్పుకుంటూ విన్నది. తల ఎత్తలేదు.

వినోద కళ్లద్దాల ఆమె దగ్గరికి పోయింది. “మేడం, తొమ్మిదో నంబరు లేకుంటే ఆ మూడు గోల్స్ లేవు మేడం.” ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ చెప్పింది: “తొమ్మిదో నంబరా? బంతి ముట్టలేదు కదమ్మా. నేను చూసింది రాశాను.”

ఆ మాట విని రమాకాంత్ దగ్గరికి వచ్చాడు. వినోదను పక్కకు పిలిచాడు.

“గా పిల్ల మస్తు ఆడింది. నా నాలుగో నంబర్ను మెడకు తాడేసినట్టు తిప్పింది. గీ గ్రౌండ్ల అది ఎర్కైంది నీకు, నాకు ఇద్దరికే. గా మేడం నా మాట ఇంటది. ఇంక కార్ ఎక్కలే. నువ్వొచ్చి, సార్, జర చెప్పుండ్రి అని ఒక్క మాట అడుగు. నేను చెప్త.”

ఎందుకు అడగాలో ఆయన చెప్పలేదు. అందరూ ఆయన్ని అడుగుతారు. అడిగితేనే చేయడం ఆయనకు అలవాటు. కావ్య బూట్లు చేత పట్టుకొని, ఆ మాటలు వినబడేంత దగ్గర, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

“మీ మాట మాకు అవసరం లేదు సార్,” అన్నది వినోద.

“నీ ఇష్టం,” అని ఆయన పడిపోయిన కుర్చీ ఎత్తుకొని పోయాడు. కళ్లద్దాల ఆమె కారు తలుపు పడిన చప్పుడు వినబడింది.

ట్రాలీ ఆటో వరంగల్ దాటి ఖమ్మం రోడ్డు ఎక్కేసరికి ఎండ ఎర్రబడింది. కొంతసేపు పిల్లలు కప్పును ఒకరి తల మీద ఒకరు పెట్టి పాటలు పాడారు. తర్వాత ఒక్కొక్కరే కావ్యను చూసి ఆపేశారు. నిఖత్ తన పేరు వచ్చినందుకు తప్పు చేసినదానిలా కప్పును కాళ్ల సందున దాచిపెట్టుకుంది.

సోమక్కకు ఏమీ అర్థం కాలేదు. “గెలిచిండ్రు గదనే, ఎవలన్న సచ్చిండ్రా గిట్ల కూసున్నరు?”

సరస్వతి జరిగింది చెప్పింది, జాబితా సంగతి. రమాకాంత్ అడగమన్న మాట చెప్పలేదు, అది దానికి తెలియదు. సోమక్క విని, బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, టీచరమ్మను చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది వినోదకు.

“వచ్చే ఏడు ఉన్నది బిడ్డా,” అన్నది వినోద.

“వచ్చే ఏడు నేను బడిలనే ఉండ గద మేడం.”

“కాలేజీల చేరితే నేను మాట్లాడ్త. ఫికర్ చెయ్యకు.”

కావ్య రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. అది చూసి వినోద గొంతు పెరిగింది.

“ఏందే, గటు తిరిగి కూసుంటవ్? ఆయన్ని అడుగుమంటవా నన్ను? ఆయన నన్నేమన్నడో ఎర్కనా నీకు? ముప్పై మంది ముందు. పద్దెనిమిదేండ్లు మోసిన నేను దాన్ని. ఇయ్యాల గెలిచి, గెలిచినంక పోయి ఆయన ముంగట చెయ్యి చాపుమంటవా? నా నోట్లకెల్లి ఆ మాట వస్తదా? నా కోసం నేను సచ్చినా అడుగ!”

పిల్లలందరూ తిరిగి చూశారు. కావ్య కూడా తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు.

“అడుగుమన్నది మీ కోసం కాదు గద మేడం. నా కోసం.”